రెండో బిళ్ల

పదకొండో కిలోమీటరు బోర్డు దాటగానే రోడ్డు పైకి లేచింది, ఉపేందర్ ఊపిరి మాత్రం కిందనే ఉండిపోయింది. అడుగు చిన్నది చెయ్యి, తల దించు, గుట్ట కొస ఎక్కడుందో చూడకు, ముక్కుతో పీల్చి నోటితో వదులు. ఎనిమిది నెలలుగా తెల్లవారుజామున ఈ పిల్లకు తాను చెప్పిన పాఠమే ఇప్పుడు తనకు తాను చెప్పుకోవలసి వస్తోంది. పిల్ల రెండు గజాల ముందుంది. కెరోలిన్, సామ్యేల్ కూతురు, ఇరవై నాలుగేళ్లది. ఎడమ భుజం కొంచెం వంచి పరుగెడుతుంది, అచ్చం తండ్రి లాగే. బొగ్గు బాయిలోకి దిగే ఏటవాలు దారిలో ముందు నడిచే సామ్యేల్ వీపు కూడా ఇలాగే ఒక పక్కకు ఒరిగి ఉండేది, ఆ వీపును చూసుకుంటూ పదహారేళ్లు దిగాడు తను, ఆ వీపు ఉందంటే కప్పు కూలదన్నంత ధీమా. వద్దు, అటు పోకు. గడియారం చూసుకో. గంటా ఇరవై నాలుగు నిమిషాలు. రెండు గంటల నలభై లోపల ఇరవై ఒక్క కిలోమీటర్లు ముగిస్తే రెస్క్యూ టీముకు పేరు రాసుకుంటానన్నాడు ఆ టీమును చూసే ప్రశాంత్ సార్. గనిలో మనుషులు ఇరుక్కుంటే అందరూ బయటికి పరుగెత్తే దారిలో లోపలికి పోయే టీము అది. ఆడపిల్లలను ఈ మధ్యే తీసుకుంటున్నారు. కెరోలిన్‌కు ఇంకేదీ అక్కర్లేదు, అదొక్కటే కావాలి. ఎందుకు కావాలో ఉపేందర్‌కు తెలుసు. అందుకే ఈ రోజు, పరుగు పందెం ముగిసే ఆ గీత దాటాక, సామ్యేల్ సంగతి చెప్పేయాలని నిశ్చయించుకుని వచ్చాడు. గీత దాటకముందు చెప్తే పిల్ల కాళ్లు అక్కడే నిలిచిపోతాయి. దాటాక చెప్పాలి. దాటాక కచ్చితంగా చెప్పాలి.

ఇదే కచ్చితం ఉగాదికి ముందు కూడా ఉండింది, క్రిస్మస్‌కు ముందు కూడా ఉండింది. ఉపేందర్ కచ్చితాలకు కాళ్లు లేవు, తెల్లవారేసరికి అవి లేచి నిలబడవు. యాభై ఒకటో ఏట నిక్కరు వేసుకుని రోడ్డెక్కితే సెంటినరీ కాలనీ అంతా నవ్వింది, షుగరు తగ్గడానికని చెప్పుకున్నాడు, డాక్టరు చెప్పిన మాట నిజమే గానీ అసలు సంగతి తెల్లవారుజామున నిద్ర పట్టకపోవడం. ఒకరోజు కెరోలిన్ వచ్చి, కాకా నువ్వు ఉరుకుతున్నవట గదా, నాకు నేర్పుతవా అని అడిగింది, కాదనలేకపోయాడు. ఆ ఇంట్లో వాళ్లు ఏది అడిగినా కాదనలేడు. గ్యాసు సిలిండరు మోసుకొచ్చాడు, సామ్యేల్ భార్య రాహేలుకు జ్వరం వస్తే దవాఖానకు తీసుకుపోయాడు, పిల్ల పదో తరగతి హాల్‌టికెట్ కోసం మంచిర్యాల దాకా తిరిగాడు. చుట్టరికం లేకపోయినా, మా మరిదిని దేవుడిచ్చిండు అంటుంది రాహేలు చర్చిలో నలుగురి ముందు. ఆ మాట విన్న ప్రతిసారీ ఏదో పని ఉన్నట్టు బయటికి జారుకుంటాడు. దేవుడికి ఈ ఇచ్చుడు సంగతి తెలిస్తే ఏమంటాడో.

"కాకా, వెనకవడుతున్నవ్," అంది కెరోలిన్ తిరగకుండానే.

"నువ్వు పో. నా ఫికర్ జెయ్యకు," అన్నాడు, ఆ ఐదు మాటలకు ఐదు ఊపిర్లు ఖర్చయ్యాయి. ఎడమ పక్క రామగిరి గుట్టలు మంచులో నుంచి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. కుడి పక్కది గుట్ట కాదు, ఓపెన్ కాస్టు గనిలో తవ్వి పోసిన మట్టి, పదిహేనేళ్లలో గుట్టంత ఎత్తు పెరిగింది, మీద సుబాబుల్ చెట్లు నాటితే నిజం గుట్టకూ దీనికీ తేడా తెలియకుండా పోయింది. కింద ఉండాల్సింది పైకొచ్చి కూర్చుంది. మనుషులు తవ్వి తీసినదాన్ని ఎక్కడో ఒకచోట పోయాల్సిందే గదా. ఉపేందర్ పోయలేదు. పదకొండేళ్లుగా లోపలే ఉంచుకున్నాడు. మోకాలు కలుక్కుమంది, పట్టించుకోలేదు. అడుగు చిన్నది చెయ్యి. ముక్కుతో పీల్చు.

గనిలో హాజరుకు ఇప్పుడు వేలిముద్రలు వచ్చాయి, అప్పుడు బిళ్లలు. రూపాయి కంటే కొంచెం పెద్దది, ఇత్తడిది, మీద నంబరు. బాయి మూతి దగ్గర చెక్కబోర్డు, బోర్డు నిండా మేకులు. దిగేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు మేకుకు తగిలించి పోవాలి, ఎక్కినాక ఎవరి బిళ్ల వాళ్లు తీసి జేబులో వేసుకోవాలి. బిళ్ల వేలాడుతోందంటే మనిషి లోపల ఉన్నట్టు. షిఫ్టు ముగిశాక ఒక్క బిళ్ల మిగిలినా ఇంటికి పోయేవాడు పోడు, వెంటనే వెతకడానికి దిగుతారు. ఒకరి బిళ్ల ఇంకొకరు ముట్టకూడదు, కొత్తగా వచ్చినవాడికి మొదటిరోజు మొదట చెప్పే మాట ఇదే, ఉపేందర్‌కు ఈ మాట చెప్పింది సామ్యేలే. ముట్టకూడదని అందరికీ తెలుసు, బస్సు కదులుతుంటే అందరూ ముట్టుకుంటారని కూడా అందరికీ తెలుసు. పదకొండేళ్ల కింద ఆ రోజు మొదటి షిఫ్టు మూడింటికి ముగిసింది. ఏటవాలు దారి సగం ఎక్కినాక సామ్యేల్ ఆగాడు. టిఫిన్ డబ్బా పని చోటనే మరిచిపోయాడు. ముందురోజు కూడా మరిచిపోతే రాహేలు మందలించిందట, నవ్వుకుంటూ చెప్పాడు. తమ్మీ, నా బిళ్ల గూడ తియ్యి, బోర్డు కాడ ఆలస్యమైతే మళ్ల నన్నే అడుగుతరు, నేను వెనకనే వస్తున్న. అంతే. సామ్యేల్ తలకున్న లైటు కిందికి ఊగుతూ పోయింది. ఉపేందర్ పైకొచ్చాడు, తన బిళ్ల తీశాడు, పక్క మేకు మీది బిళ్ల తీశాడు. రెండో బిళ్ల తీసేటప్పుడు చెయ్యి కొంచెం కూడా ఆగలేదు. ఆ చెయ్యి మీద ఇప్పటికీ కోపం పోలేదు.

పద్నాలుగో కిలోమీటరు. ఎక్కుడు అయిపోయింది. పైన గాలి తగిలింది, దూరంగా జ్యోతినగర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి, నీళ్ల టేబులు దగ్గర కాలనీ పిల్లలు ఈల వేసి చప్పట్లు కొట్టారు. గంటా నలభై ఎనిమిది. బాగానే ఉంది, చాలా బాగుంది, ఇక దిగుడే ఎక్కువ. కెరోలిన్ అరటిపండు సగం తిని సగం ఆయన చేతిలో పెట్టింది. "కాకా, మా అమ్మ రాత్రి నిద్రవోలే తెలుసా. నువ్వు బాయిలకు ఎందుకు దిగుతవే, మీ బాపు దిగింది సాలదా అని ఒకటే ఏడుపు. గీత కాడికైతే వస్తనన్నది." ఉపేందర్ అరటిపండు మింగలేక మింగాడు. రాహేలు గీత దగ్గరే ఉంటుంది. ఇద్దరికీ ఒకేసారి చెప్పాలి అన్నమాట. లేదంటే మొదట పిల్లకు, తర్వాత తల్లికి. లేదంటే రేపు. చూశావా, వచ్చేసింది రేపు, గుట్ట దిగకముందే ఎదురొచ్చి నిలబడింది.

దిగుడు మోకాళ్లను తినేస్తోంది. దిగేటప్పుడే మనసు కూడా జారుతుంది, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఆ రోజు మూడింటి నుంచి ఏడింటి దాకా తను ఏం చేశాడు? బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సామ్యేల్ రాలేదు, రెండో బస్సుకు వస్తాడులే అనుకున్నాడు. ఇంటికొచ్చి వేడినీళ్లతో స్నానం చేశాడు. కొడుకు సైకిలు టైరుకు పంక్చరు వేయించాడు. పావుకిలో ఎండు రొయ్యలు కొన్నాడు. పండుకుని లేచాడు. రెండో షిఫ్టు వాళ్లకు ఆ పక్క పని లేదు, అటు ఎవరూ పోలేదు. ఏడింటికి ఎవరో పైపు చూడటానికి పోతే కప్పు కూలి ఉంది, బూటు కనిపించింది. సైరను మోగింది. చొక్కా వేసుకుంటుంటే జేబులో రెండు బిళ్లలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. ఆ చప్పుడు. ఇప్పటికీ ఎవరైనా జేబులో చిల్లర ఆడిస్తే అక్కడ నిలబడలేడు. అందరితో పాటు బాయి దగ్గరికి పరుగెత్తాడు, అందరూ మూతి దగ్గరుంటే తను బట్టలు మార్చుకునే గదిలోకి పోయాడు, సామ్యేల్ గళ్ల చొక్కా కొక్కేనికి అలాగే వేలాడుతోంది, దాని జేబులో బిళ్ల వేశాడు. ఎందుకు వేశాడు? భయం. నౌకరి పోతుందన్న భయం, జైలన్న భయం, అన్నిటికంటే ముందు రాహేలు మొహం. వేసి బయటికొచ్చి అందరి కంటే గట్టిగా ఏడ్చాడు, ఆ ఏడుపు మాత్రం అబద్ధం కాదు. కప్పు కూలాక మూడు గంటల సేపు ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడు. విచారణ జరిగింది. బిళ్ల చొక్కా జేబులో ఉంది కాబట్టి, పని ముగించి బయటికి వచ్చిన మనిషి అనుమతి లేకుండా మళ్లీ లోపలికి పోయాడని రాశారు. కాగితం మీద తప్పు సామ్యేల్‌ది. పదకొండేళ్లుగా రాహేలు అడిగేది ఒకటే మాట. పైకొచ్చినోడు మళ్ల ఎందుకు దిగిండు, మరిదీ? నేను డబ్బా గురించి తిట్టకపోతే దిగకపోతుండె గదా? ఆమె ఆ తర్వాత ఎవరికీ డబ్బా కట్టలేదు. పిల్లకు బడికి కూడా అన్నం న్యూస్‌పేపరులో చుట్టి ఇచ్చింది.

పదిహేడో కిలోమీటరు మలుపులో కంకర. కెరోలిన్ పాదం ఒక్క గులకరాయి మీద పడింది, చీలమండ లోపలికి మడత పడింది, అమ్మా అని కూర్చుండిపోయింది. ఉపేందర్ వంగి షూ పైన చెయ్యి పెట్టాడు, అప్పుడే వేడిగా ఉంది, ఉబ్బు మొదలైంది. లేపి నిలబెట్టాడు. రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంది. రెండు గంటల ఎనిమిది నిమిషాలు. ఇంకా ముప్పై రెండు నిమిషాలున్నాయి, నాలుగు కిలోమీటర్లున్నాయి. నొప్పికి రాని కన్నీళ్లు గడియారం చూసినాక వచ్చాయి పిల్లకు. వెనకాల వచ్చేవాళ్లు తప్పుకుని పోతున్నారు, ఎవరో నీళ్ల సీసా ఇచ్చి పోయారు. ఉన్నట్టుండి ఆమె ముందుకు వంగి షూ లేసుకు కట్టిన ప్లాస్టిక్ చిప్పు విప్పింది. ప్రతి మనిషికీ ఒకటి ఇచ్చారు, గీత దగ్గర పరిచిన చాప మీద అడుగు పడగానే అది కూత పెడుతుంది, ఆ మనిషి వచ్చేసినట్టు కంప్యూటరులో పడుతుంది.

"కాకా, ఇది నువ్వు పట్టుకవో. నీకు టైం ఉన్నది. చాప దాటితే సాలు, నా పేరు పడ్తది," అంది. "గీత కాడి ఫొటోలు గిట్ల ఎవలు సూస్తరు. నువ్వు జల్ది వో. నేను మెల్లగ నీ వెనకనే వస్త."

ఉపేందర్ తీసుకున్నాడు. అదే చెయ్యి, ఈసారి కూడా ఆగలేదు. పిల్ల ఏది అడిగినా కాదనలేడు గదా, కాదనడం మరిచిపోయిన మనిషి గదా, చిప్పు పిడికిట్లో పెట్టుకుని పరుగెత్తాడు, ఎన్నడూ పరుగెత్తనంత వేగంగా. ఇస్తాను, దీన్నయినా ఇస్తాను, తండ్రిని ఇవ్వలేను గానీ ఆమె కోరిన నౌకరి ఇస్తాను, చాప దాటితే చాలు, నాలుగు కిలోమీటర్లు, ముప్పై నిమిషాలు, ఇస్తే కొంత తీరుతుంది. ఏం తీరుతుంది? ఎవరికి తీరుతుంది? నీ వెనకనే వస్త. అరచేతిలో చెమటకు చిప్పు జారుతోంది, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, షూ మీద ఒకటి, పిడికిట్లో ఒకటి, రెండు. నా దగ్గర రెండున్నాయి. చాప దాటగానే కెరోలిన్ వచ్చేసింది అని పడుతుంది, రాహేలు చప్పట్లు కొడుతుంది, అంబులెన్సు వాళ్లు లెక్క సరిపోయిందని డోరు మూస్తారు, ఇక్కడ ఈ సుబాబుల్ చెట్ల కింద పిల్ల కూర్చునే ఉంటుంది, ఆమె లేదని ఎవరికీ తెలియదు, ఎవరూ వెతకరు, ఎందుకు వెతుకుతారు, బోర్డు మీద బిళ్ల లేదు గదా. తర్వాత ఒకరోజు ఆమె గ్యాసు నిండిన సొరంగంలోకి దిగుతుంది, ఈ దొంగ పేరు నమ్ముకుని ఎవడో బండ కింద ఎదురుచూస్తుంటాడు. కాళ్లు ఆగలేదు, ముందు ఊపిరి ఆగింది. పద్దెనిమిదో కిలోమీటరు బోర్డు ఎదురుగా కనిపిస్తోంది. ఉపేందర్ దాన్ని ముట్టుకోకుండా వెనక్కి తిరిగాడు.

ఎదురొచ్చేవాళ్లు వింతగా చూశారు. "అన్నా, దారి గిటు!" అని ఒకడు అరిచాడు. తెలుసు, అటే దారి, ఎప్పుడూ అటే ఉంది. ఎక్కుడు మళ్లీ మొదలైంది, ఇందాక దిగినప్పుడు ఇది ఇంత ఎత్తని తెలియలేదు. పదకొండేళ్ల కింద సగం దారి నుంచి ఇలా వెనక్కి దిగి ఉంటే? ఇద్దరూ పోయేవాళ్లేమో. ఇద్దరూ వచ్చేవాళ్లేమో. ఏమో. కెరోలిన్ కంకర మీద నుంచి లేచి చెట్టు పట్టుకుని నిలబడి ఉంది, ఆయన్ను చూసి మొహం పాలిపోయింది.

"ఏంది కాకా, ఎందుకచ్చినవ్? టైం వోతుంది గదా!"

చిప్పు ఆమె చేతిలో పెట్టాడు. మాటలు ఎలా మొదలుపెట్టాలో పదకొండేళ్లు సాధన చేశాడు, ఒక్కటీ గుర్తుకు రాలేదు. "మీ బాపు పైకి రాలే, బిడ్డా. ఆయన బిళ్ల నేను తీసిన. ఆయనే తియ్యమన్నడు, నేను తీసిన. సైరను మోగినంక ఆయన అంగి జేబుల ఏసింది గూడ నేనే." ఒక్క ఊపిరిలో వచ్చేసింది. "డబ్బాకు వోయింది నిజమే. కానీ వచ్చి మళ్ల దిగలే. అసలు రానే లేదు. నేను తియ్యకుంటే మూడింటికే ఎతుకుదురు."

మంచు పూర్తిగా విడిపోయింది, లోయలో డంపరు లారీ గేరు మార్చిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. ఆమె కొడుతుందేమో అనుకున్నాడు, కొడితే బాగుండు అనుకున్నాడు. ఆమె వంగి, చిప్పును మళ్లీ తన షూ లేసుకు కట్టుకుంటోంది, ముడి రెండుసార్లు జారింది. సాయం చేయడానికి చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఎంతసేపు పానంతోని ఉన్నడు?" అంది తల ఎత్తకుండా.

"మూడు గంటలు."

"మాకు చెప్పనీకి పదకొండేండ్లు."

చెట్టు వదిలి నడవడం మొదలుపెట్టింది. భుజం పట్టుకోమని ఉపేందర్ పక్కకు వచ్చాడు, పట్టుకోలేదు, రోడ్డు పక్కన విరిగి పడిన సుబాబుల్ కొమ్మ తీసుకుని దాని మీద ఆనుకుంది. అంబులెన్సు వచ్చి ఆగింది, ఎక్కమన్నారు, తల అడ్డంగా ఊపింది. ఉపేందర్ నాలుగడుగుల వెనక నడిచాడు. రెండు గంటల నలభై అయింది, ఆమె గడియారం చూసుకుంది, చెయ్యి దించింది. వచ్చే ఏడు మళ్లీ ఉంటుంది పరుగు, అప్పుడు ఆమె పక్కన తనను రానిస్తుందో లేదో. గుండెలో బరువు దిగుతుందని అనుకున్నాడు ఇన్నేళ్లు, చెప్పేస్తే దిగుతుందని. ఏమీ దిగలేదు. ఇంతకాలం తను ఒక్కడే మోసింది ఇప్పుడు ఆ కుంటుకుంటూ పోయే పిల్ల మీద కూడా పడింది, అంతే. సిగ్గేసింది. అయినా నడిచాడు. పంతొమ్మిది. ఇరవై. ఒక్కసారి కూడా ఆమె వెనక్కి తిరగలేదు, కానీ ఆయన అడుగుల చప్పుడు వినపడనప్పుడు మాత్రం నడక కొంచెం తగ్గించింది. రెండుసార్లు తగ్గించింది. ఉపేందర్ లెక్కపెట్టాడు.

పరుగు మొదలై మూడున్నర గంటలు కావస్తోంది. షామియానా విప్పేశారు, పాటల పెట్టె ఆపేశారు, ఇద్దరు మనుషులు గీత దగ్గరి చాపను ఒక కొస నుంచి చుట్టడం మొదలుపెట్టారు. "ఆగండి అన్నా, ఇంక ఇద్దరున్నం!" అని కెరోలిన్ అరిచింది. ఇద్దరున్నం అంది. వాళ్లు చాపను మళ్లీ పరిచారు. కట్టె అవతల పారేసి, కుంటుతూనే దాని మీద అడుగు వేసింది, కూత వినపడింది. ఉపేందర్ ఇవతలే నిలబడిపోయాడు. చాపకు అవతల రాహేలు ఉంది, తెల్లచీర కొంగు తల మీదికి కప్పుకుని, న్యూస్‌పేపరులో చుట్టిన ఉడికిన గుడ్లు రొమ్ముకు ఆనించి పట్టుకుని, ఎంతసేపటి నుంచి నిలబడిందో ఏమో, మొహమంతా భయం. కెరోలిన్ వెనక్కి తిరిగింది. పదిహేడో కిలోమీటరు తర్వాత మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది.

"నేను చెప్ప. నీ నోటితోనే చెప్పాలె. రా."

ఉపేందర్ అడుగు వేశాడు, చాప ఇంకోసారి కూసింది. చాప మనిషి కాగితం మీద చివరి పేరు కొట్టేసి, అందరూ వచ్చేసిన్రు అని కేకేశాడు.

"ఏంది మరిదీ, గింత లేటు? అందరచ్చిన్రు, మీరిద్దరే రాలే. నా పానం వోయింది గదా," అంది రాహేలు. పేపరు విప్పి ఒక గుడ్డు ఆయన చేతిలో పెట్టబోయింది. ఆయన చెయ్యి చాచలేదు.

"వదినా," అన్నాడు, "ఆ రోజు సామ్యేలన్న పైకి రానే లేదు."